కొండెక్కి, సంత చూసి, అడవిలోకి: సబా ప్రయాణంపై మీ ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే చోటు గురించి వచ్చాయి. బోర్నియో దీవి ఉత్తరపు కొసన ఉన్న మలేసియా రాష్ట్రం సబా. 4,095 మీటర్ల కినబాలు శిఖరం, ఊరూరా వారపు సంతలు, ఆ పైన వానాడవి, మూడింటినీ ఒకే సెలవులో చూడొచ్చు కనుక వీపున సంచి తగిలించుకుని ఇద్దరే బయల్దేరాలనుకునే వాళ్లకు ఈ చోటు నచ్చుతోంది. రాసిన వాళ్లందరూ దంపతులే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబిస్తున్నాం.

ప్రశ్న: నేను, మా ఆవిడ మార్చిలో సబా వెళ్దామనుకుంటున్నాం. పది రోజుల సెలవుంది. సబా రాజధాని కోటా కినబాలుకు విమానం టికెట్లు చవగ్గా కనిపిస్తున్నాయి, ఇప్పుడే కొనేయమంటారా? ముందు కొండ ఎక్కాలా, అడవికి వెళ్లాలా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇప్పుడే కొనకండి. ముందు కొండ మీద మంచం, తర్వాతే విమానం. కినబాలు ఎక్కడం రెండు రోజుల పని. మొదటి రాత్రి 3,272 మీటర్ల ఎత్తున పనలబాన్ అనే చోట పడుకుని, రెండో రోజు తెల్లవారకముందే శిఖరానికి బయల్దేరతారు. అక్కడున్న మంచాలు కొన్నే. రోజుకు ఇచ్చే పర్మిట్లూ పరిమితమే. నెలల ముందే నిండిపోతాయి. మంచం ఏ తేదీకి దొరికితే ఆ తేదీ చుట్టూ మిగతా ప్రయాణం అల్లుకోవాలి. చవక టికెట్ చూసి కొనేసి, ఆ వారంలో కొండ మీద చోటు లేక కింద నుంచి శిఖరాన్ని చూసి వచ్చేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

మార్చి మంచి ఎంపిక. కొండకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు వాన కాస్త తక్కువ. తూర్పు వైపున ఉండే సందకాన్, కినబతాంగాన్ ప్రాంతాల్లో డిసెంబరు, జనవరి నెలల్లో వానలు దంచి కొడతాయి. మార్చికి అవీ తెరిపిస్తాయి. అలాగని వానే ఉండదనుకోకండి, అది వానాడవి.

కొండ ముందు, అడవి తర్వాత. కారణం కాళ్లే. శిఖరం నుంచి దిగిన మర్నాడు, ఆ మర్నాడు తొడలు పట్టేసి మెట్టు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తుంది. ఎక్కడం కన్నా దిగడం కండరాలను ఎక్కువ దెబ్బతీస్తుంది, నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. ఆ రెండు రోజులూ విశ్రాంతితో, బస్సులో కూర్చుని గడిచేలా ఏర్పాటు చేసుకుంటే ఒక్క రోజూ వృథా కాదు. అడవి ముందు పెట్టుకుంటే తడిసిన బూట్లతో, జలగ కాట్లతో, నిద్ర చాలని ఒంటితో కొండ కిందికి చేరతారు.

వరుస ఇలా పెట్టుకోండి. శనివారం కోటా కినబాలులో దిగండి. ఆదివారం పొద్దున్నే గాయా వీధి సంత చూసి, మధ్యాహ్నం కినబాలు పార్కుకు వెళ్లండి. సుమారు 90 కిలోమీటర్లు, రెండు గంటల దారి. పార్కు కార్యాలయం ఉన్న చోటు దాదాపు 1,560 మీటర్ల ఎత్తు. సోమవారం అక్కడే ఉండి దగ్గరి కాలిబాటల్లో తిరగండి, కుందసాంగ్ కూరగాయల బజారు చూడండి. మంగళ, బుధవారాలు కొండ. బుధవారం సాయంత్రానికి రనావు దాటి పోరింగ్ వేడినీటి బుగ్గల దగ్గరకు చేరితే గురువారమంతా విశ్రాంతి. దారి పక్కన రఫ్లీసియా పూసిందని బోర్డు కనిపిస్తే ఆగండి. మొగ్గ విచ్చడానికి నెలలు పట్టే ఆ పువ్వు విచ్చాక వారం కూడా నిలవదు. శుక్రవారం బస్సులో సెపిలోక్. శనివారం ఉదయం ఒరాంగుటాన్ కేంద్రం చూసి మధ్యాహ్నం కినబతాంగాన్ నది ఒడ్డున సుకావ్ ఊరికి. అక్కడ రెండు రాత్రులు. ఆ తర్వాత లహద్ దతు మీదుగా దానుమ్ లోయ అడవిలో రెండు మూడు రాత్రులు, తిరిగి లహద్ దతు నుంచి చిన్న విమానంలో కోటా కినబాలు.

లెక్క చూస్తే రెండు వారాలు. మీకున్నది పది రోజులు కనుక సుకావ్, దానుమ్‌లలో ఒకటి వదిలేయాలి. జంతువులు కంటపడాలంటే నది మేలు. సాయంత్రం పొడుగు ముక్కు కోతులు రాత్రి నిద్రకు నీటి ఒడ్డు చెట్ల మీదికే వస్తాయి, పడవలోంచి తీరిగ్గా చూడొచ్చు. అడవిలో నడవడమే కావాలంటే 438 చదరపు కిలోమీటర్ల దానుమ్‌కు సాటి లేదు, కానీ అక్కడ జంతువు కన్నా దాని అరుపే ఎక్కువ దొరుకుతుంది. దేన్నైనా కోయండి గానీ ఆ సోమవారాన్ని, గురువారాన్ని మాత్రం కోయకండి. ఒకటి ఎత్తుకు అలవాటు పడే రోజు, ఇంకోటి కాళ్లు తేరుకునే రోజు.

ప్రశ్న: కౌలాలంపూర్‌లో ఒకసారి ముద్ర వేశాక కోటా కినబాలులో పాస్‌పోర్టు మళ్లీ చూస్తారట, నిజమేనా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: నిజమే. వలస తనిఖీ సబా తన చేతిలోనే ఉంచుకుంది. దేశంలో తిరిగే విమానమే అయినా దిగాక వరుసలో నిలబడాలి, కాబట్టి పాస్‌పోర్టులు లగేజీలో వేసేయకండి. భారతీయులకు 2023 డిసెంబరు 1 నుంచి 30 రోజుల వరకు వీసా లేకుండా ప్రవేశం ఇస్తున్నారు. ఈ సడలింపును 2026 డిసెంబరు 31 వరకు పొడిగించారు. ఆ తర్వాత వెళ్లేవాళ్లు బయల్దేరే ముందు చూసుకోవాలి. వీసా లేకపోయినా డిజిటల్ అరైవల్ కార్డు, అంటే రాక వివరాల ఆన్‌లైన్ ఫారం, నింపాలి, చేరడానికి ముందు మూడు రోజుల్లోపు, ఇద్దరూ విడివిడిగా. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువుండాలి.

ఇంకో మాట. సుకావ్, లహద్ దతు ఉన్నది తూర్పు సబాలో. 2013లో లహద్ దతు దగ్గర సాయుధ చొరబాటు జరిగాక ఆ తీరాన్నంతా ప్రత్యేక భద్రతా మండలంగా ప్రకటించారు. ఇబ్బంది ప్రధానంగా సముద్రం వైపు, దీవుల వైపు. అయినా ప్రయాణ సూచనలు ఒకసారి చదివి, బీమా పాలసీ ఆ ప్రాంతానికి వర్తిస్తుందో లేదో అడగండి. అదే ఫోన్లో ఎత్తు సంగతి కూడా తేల్చుకోండి. 3,000 మీటర్లు దాటితే చెల్లని పాలసీలు ఉన్నాయి. మీరు పడుకునే మంచమే 3,272 మీటర్ల మీద ఉంటుంది.

ప్రశ్న: నేను రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తాను. మా వారికి ఆఫీసు కుర్చీయే లోకం. ఇద్దరం కినబాలు ఎక్కగలమా? మధ్యలో ఒకరికి చేతకాకపోతే రెండోవాళ్లు ముందుకు వెళ్లొచ్చా? పర్వతారోహణ తెలియనక్కర్లేదని అంటున్నారు.
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: తాళ్లు కట్టుకుని వేలాడే విద్య అక్కర్లేదు, అది నిజం. సులువని మాత్రం కాదు. అంకెలు చూడండి. తింపోహోన్ గేటు 1,866 మీటర్ల దగ్గర మొదలు. మొదటి రోజు 6 కిలోమీటర్లు నడిచి 1,400 మీటర్ల పైచిలుకు ఎత్తు ఎక్కుతారు. రెండో రోజు రాత్రి రెండు, రెండున్నరకు లేచి ఇంకో 2.7 కిలోమీటర్లు, 820 మీటర్లు పైకి. సూర్యోదయం చూశాక అదే రోజు మొత్తం 8.7 కిలోమీటర్లూ దిగాలి. అంటే 2,200 మీటర్లకు పైగా దిగుడు. అంతస్తుకు మూడు మీటర్లనుకుంటే పది అంతస్తుల అపార్ట్‌మెంటు మెట్లు ఒక్క రోజులో డెబ్బై నాలుగు సార్లు దిగినట్టు. దారి చాలా వరకు మెట్లే, చాలా మెట్లు మోకాలెత్తున ఉంటాయి.

కాబట్టి సమతలం మీద ఐదు కిలోమీటర్ల నడక మీకూ చాలదు. ఎనిమిది వారాలు ముందు నుంచి వారానికి మూడు రోజులు మెట్లు పట్టుకోండి. మొదటి వారం 30 అంతస్తులు, వారానికో 10 పెంచుతూ వందకు. చివరి మూడు వారాలు వీపున 5 కిలోలు వేసుకోవాలి. లిఫ్టులో దిగేయకండి, దిగడమే అసలు సాధన. మీ వారికి ఎనిమిది కాదు, పన్నెండు వారాలు ఇవ్వండి. మోకాళ్లు ముందే నొప్పెడుతుంటే ఈ కొండ వద్దు, దానుమ్‌లో రోజులు పెంచుకోండి. అందులో తక్కువతనమేమీ లేదు.

గైడు తప్పనిసరి. ఒక గైడు ఐదుగురి వరకు తీసుకెళ్తారు. ఇద్దరికీ ఒకే గైడు ఉన్నప్పుడు ఒకరు ఆగిపోతే ఏం చేయాలన్నది గేటు దగ్గరే ఆయనతో మాట్లాడుకోండి. పనలబాన్ దాకా ఇద్దరూ చేరితే చిక్కు తక్కువ: ఒకరు మంచం మీదే ఉంటారు, రెండోవారు గైడుతో శిఖరానికి వెళ్లొస్తారు. చిక్కంతా కింది 6 కిలోమీటర్లలో. అక్కడ ఒకరికి నిజంగా ఒంట్లో బాగోకపోతే ఇద్దరూ దిగిపోతామని ఇంట్లోనే అనుకుని బయల్దేరండి. దారిలో, ఆయాసంలో ఈ చర్చ పెట్టుకుంటే అది చర్చగా మిగలదు.

గడియారం రెండు చోట్ల కచ్చితంగా ఉంటుంది. మొదటి రోజు గేటు దాటడానికి ఉదయం 10.30 వరకే సమయం. రెండో రోజు సయాత్ సయాత్ అనే తనిఖీ గుడిసెకు తెల్లవారుజామున 5 గంటల్లోపు చేరాలి. చేరకపోతే వెనక్కి పంపుతారు, బతిమాలినా వినరు. అక్కడ మెడలో వేసుకునే పర్మిట్ బిళ్ల చూపించాలి, దాన్ని సంచి అడుగున దాచుకోకండి. సయాత్ సయాత్ దాటాక చెట్టూ చేమా ఉండవు, నున్నటి నల్లరాతి పలక, దాని మీద పరిచిన తెల్ల తాడు. వాన పడితే ఆ పలక మీద నీళ్లు పొరలా జారుతాయి. గైడు ఆగుదామంటే ఆగడమే.

ఎత్తు సంగతి. సముద్ర మట్టం నుంచి నేరుగా వచ్చి రెండు రోజుల్లో 4,095 మీటర్లు ఎక్కడం ఒంటికి తొందరే. పనలబాన్‌లో తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం చాలామందికి ఉంటుంది. పార్కులో ముందే రెండు రాత్రులు పడుకోమన్నది అందుకే. ఎత్తు వల్ల వచ్చే ఈ ఇబ్బందికి అసెటజోలమైడ్ మాత్ర కొందరికి డాక్టర్లు సూచిస్తారు. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, సోడా నాలుకకు చప్పగా తగులుతుంది, భయపడకండి. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరుకు ఆ మాట చెప్పి తీరాలి. మాత్ర వేసుకున్నా వేసుకోకున్నా ఒక్కటి గుర్తుంచుకోండి: తలనొప్పితో పాటు వాంతులు ఆగకపోయినా, అడుగు తూలినా, మాట తడబడినా వెంటనే కిందికి దిగాలి. జంటల్లో తరచూ జరిగేదేమిటంటే, అవతలివాళ్ల సరదా పాడవుతుందని తలనొప్పి దాచేస్తారు. ప్రతి గంటకూ ఒకరినొకరు అడగండి, ‘బాగున్నావా?’ అని కాదు, ‘తల నొప్పెడుతోందా? కడుపులో తిప్పుతోందా?’ అని.

నడక వేగం మాట్లాడుతూ నడవగలిగినంతే ఉండాలి. నెమ్మదిగా నడిచేవారు ముందుండాలి. దారి పొడవునా ఏడు విశ్రాంతి గుడిసెలున్నాయి, అన్నింటి దగ్గరా నీళ్ల తొట్లుంటాయి గానీ ఆ నీళ్లు శుద్ధి చేసినవి కావు, ఫిల్టరు చేసుకునే తాగాలి. గోళ్లు రెండు రోజుల ముందే పొట్టిగా కత్తిరించుకోండి. దిగేటప్పుడు బూటు లేసు చీలమండ దగ్గర బిగించి కట్టండి, లేకపోతే పాదం ముందుకు జారి బొటనవేలి గోరు నల్లబడి ఊడుతుంది.

చివరిగా మర్యాద. అక్కడి స్థానికులైన కదజాన్ దుసున్ ప్రజలకు ఈ కొండ పూర్వీకుల ఆత్మలుండే చోటు. 2015లో శిఖరం దగ్గర బట్టలు విప్పి ఫోటోలు దిగిన విదేశీ పర్యాటకుల్లో నలుగురికి మూడు రోజుల జైలు, తలా 5,000 రింగిట్ల జరిమానా పడ్డాయి. అరుపులు, పాటల పెట్టె, రాళ్ల మీద పేర్లు చెక్కడం, ఏదీ వద్దు.

ప్రశ్న: ఇద్దరికీ కలిపి ఎంత సామాను? సగం సగం మోస్తే సరిపోతుందా? నా దగ్గర ఆరేళ్ల క్రితం కొన్న మంచి ట్రెక్కింగ్ బూట్లున్నాయి, రెండుసార్లే వేశాను.
— ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: ముందు బూట్ల సంగతి. రెండుసార్లే వేశారు కాబట్టే అనుమానించాలి. చాలా బూట్లలో అడుగు పొర పాలీయురెథేన్‌తో చేస్తారు. అది వాడినా వాడకపోయినా గాలిలో తేమ పీల్చుకుని లోపల్లోపలే పొడిపొడిగా చిట్లిపోతుంది. అల్మారాలో కొత్తగా మెరుస్తూనే ఉండి, కొండ మధ్యలో అట్ట ఊడినట్టు ఊడి వస్తుంది. బూటు అడుగును వేళ్లతో వంచి, పక్కన బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. పగుళ్లు కనిపించినా, పొడి రాలినా పారేయండి. బాగానే ఉన్నట్టు తోచినా నెల రోజులు రోజూ వేసుకుని మెట్లెక్కి చూడాలి. అక్కడి గైడ్లు చాలామంది ఒకే అచ్చులో పోసిన చవక రబ్బరు బూట్లతో తిరుగుతారు, వాటిని సరదాగా కంపుంగ్ అడిడాస్ అంటారు. నీళ్లు పట్టవు, కడిగితే క్షణంలో ఆరతాయి. అడవికి అవి నిజంగా బాగుంటాయి. పెద్ద పాదాలకు మాత్రం సైజు దొరకడం కష్టం.

బరువు సగం సగం కాదు, ఒంటి బరువును బట్టి. ఒక్కొక్కరు తమ బరువులో 15 శాతం లోపు మోస్తే రెండు వారాలు హాయిగా తిరగొచ్చు. 70 కిలోల మనిషికి పదిన్నర, 54 కిలోల మనిషికి 8. నీళ్లు కలిపే ఈ లెక్క. 40 లీటర్ల సంచి చాలు. 60 లీటర్లది కొంటే 60 లీటర్లూ నింపుతారు, అది మానవ నైజం. సంచి నడుము పట్టీ బొడ్డు దగ్గర కాదు, తుంటి ఎముక అంచు మీద కూర్చోవాలి. పట్టీ బిగించాక భుజాల మీద బరువు పెద్దగా తెలియకూడదు. బరువైన వస్తువులు వీపుకు ఆనుకుని నడిమికి, తేలికవి అడుగున, వాన జాకెట్ అన్నిటికన్నా పైన.

బట్టలు తలా మూడు టీషర్టులు, రెండు ప్యాంట్లు, నాలుగు జతల లోదుస్తులు, మూడు జతల సాక్సులు. ఏవీ నూలువి వద్దు, అక్కడి తేమలో నూలు చొక్కా రెండు రోజులైనా ఆరదు. కొండ మీద మాత్రం తెల్లవారుజామున చలి సున్నా దగ్గరకు పడుతుంది. ఒక థర్మల్ జత, ఒక ఫ్లీస్, గాలి చొరని జాకెట్, టోపీ, తాడు పట్టుకోవడానికి అరచేతిలో రబ్బరు పట్టున్న చేతి తొడుగులు కావాలి. ఇవన్నీ అడవిలో పనికిరాని బరువే, అందుకే కొండ అయ్యాక కుదించి సంచి అడుగుకు తోసేయండి. కొండకు 4, 5 కిలోల చిన్న సంచి చాలు, పెద్దవి పార్కు కార్యాలయంలో దాచుకోవచ్చు.

సంచి పైన వేసే వాన కవరును నమ్మకండి. వీపు వైపు తెరిచే ఉంటుంది, వాన అక్కడి నుంచే దిగుతుంది. లోపల మందపాటి పెద్ద ప్లాస్టిక్ సంచి వేసి, మూతి రెండుసార్లు మెలిపెట్టి మడవండి. రాత్రి వేసుకునే ఒక జత బట్టలు వేరే కవరులో కట్టి, ఏది ఏమైనా వాటిని తడవనివ్వకండి. పొద్దున తడి బట్టలే మళ్లీ తొడుక్కోవాలి. ఒళ్లు జలదరిస్తుంది గానీ పది నిమిషాల్లో అలవాటైపోతుంది. పొడి జత పగలు వేస్తే రాత్రికి రెండూ తడివే.

పంచుకోదగ్గవి: మందుల డబ్బా, ఫిల్టరు, టూత్‌పేస్టు, చార్జరు, మూడు రంధ్రాల ప్లగ్గు అడాప్టరు. పంచుకోకూడనివి: తలకు కట్టే లైటు, వాన జాకెట్, నీళ్ల సీసా, విజిల్, కొంత నగదు. ఒకరు వెనకబడినా, దారి తప్పినా రెండోవారి దగ్గరున్న వస్తువు అక్కరకు రాదు. ఒకరి బట్టలు ఒక జత రెండోవారి సంచిలో పెట్టండి. ఏదో ఒక సంచి విమానంలో తప్పిపోతే ఆ జతే దిక్కు. నెలసరి వస్తే వాడినవి మోసుకుని రావడానికి జిప్ కవర్లు రెట్టింపు పెట్టుకోండి. కొండ మీద, అడవిలో పారేసే చోటు దొరకదు. ఎత్తు, అలసట వల్ల తేదీ అటూ ఇటూ కావచ్చు కనుక లెక్క తప్పినా సరే పెట్టుకునే వెళ్లాలి.

ప్రశ్న: మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. సంతల్లో మాకేం దొరుకుతుంది? బేరం ఆడొచ్చా?
— దంపతులు, భీమవరం

జవాబు: అక్కడ సంతను ‘తాము’ అంటారు. గాయా వీధిది ఆదివారం పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా. కోటా బెలూడ్ ఊరి ‘తాము’ కూడా ఆదివారమే, కాబట్టి రెండింట్లో ఒకటే. కోటా కినబాలు పక్కనే దోంగోంగాన్‌లో గురు, శుక్రవారాలు. కుందసాంగ్ రోడ్డు పక్క బజారు రోజూ ఉంటుంది, కొండ చల్లదనానికి పండిన క్యాబేజీ, టమాటా అక్కడే.

కూరగాయలు, పండ్లు కుప్పలుగా పోసి అమ్ముతారు. కుప్పకు ఇంత అని అట్ట మీద రాసి ఉంటుంది. ఆ రెండు మూడు రింగిట్ల దగ్గర బేరం ఆడకండి, బాగుండదు. పూసల దండలు, చేనేత సంచులు, చెక్క వస్తువుల దగ్గర నవ్వుతూ కాస్త తగ్గించమని అడగొచ్చు. చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి.

పండ్లలో తరప్ వదలకండి. మన పనసకు దాయాది, లోపల తొనలు తెల్లగా, కరిగిపోయేంత మెత్తగా ఉంటాయి. కోసిన కొద్ది గంటల్లోనే రుచి మారిపోతుంది, అందుకే ఎగుమతి కాదు, అక్కడే నిలబడి తినేయాలి. దురియాన్ పండు వాసన ఘాటు, దాన్ని హోటల్ గదిలోకి రానివ్వరు.

తిండి విషయంలో మోసపోయేది ఆకుకూర దగ్గరే. పళ్లెంలో పచ్చగా కనిపించే తోటకూర వేపుడులో బెలాచన్ ఉంటుంది, అంటే రొయ్యల్ని పులియబెట్టి చేసిన ముద్ద. ఎర్ర సంబల్ పచ్చడిలోనూ అదే. ఇకన్ బిలిస్ అనే ఎండు చేపలు పైన చల్లుతారు. ‘శాకాహారం’ అన్న మాట వింటే మాంసం ముక్కలు తీసేసి ఇస్తారు, రసం అదే ఉంటుంది. అందుకే పేరు పేరునా చెప్పాలి: ‘సయా తక్ మకన్ దగింగ్, అయమ్, ఇకన్, ఉదాంగ్, తెలూర్.’ మాంసం, కోడి, చేప, రొయ్య, గుడ్డు తినను అని అర్థం. దానికి ‘తక్ నక్ బెలాచన్’ అని చేర్చండి. లేత ఫెర్న్ చిగుళ్లను పకు అంటారు, వాటిని ‘బవాంగ్ పుతిహ్’, అంటే వెల్లుల్లితో మాత్రమే వేయించమంటే అద్భుతంగా ఉంటుంది. రోటీ చనాయ్ మన పరోటాకు చుట్టమే, కానీ పక్కన పోసే గిన్నెలో పప్పు అడుగున చేపల పులుసు కలిపి ఇచ్చే అలవాటుంది. ఒట్టి దాల్ అని నొక్కి చెప్పండి. పనలబాన్ భోజనం బఫే, అన్నం, కూరగాయలు ఏవో ఒకటి ఉంటాయి. రెండో రోజు రాత్రి నడకకు మాత్రం వేరుశనగ చిక్కీలు, ఖర్జూరాలు మనిషికి 200 గ్రాములు మీ వెంటే ఉండాలి.

కొనకూడనివి: తాబేలు గుడ్లు, అమ్మడమూ కొనడమూ నేరమే. ఆర్కిడ్ మొక్కలు, కూజా మొక్కలు, ఎవరు చవగ్గా ఇస్తామన్నా వద్దు. కోటా బెలూడ్ పరాంగ్ కత్తి ముచ్చటగా ఉంటుంది, చెక్-ఇన్ లగేజీలోనే రావాలి. మోత తగ్గాలంటే కోటా కినబాలు హోటల్లో ఒక సంచి వదిలి, సంతలో కొన్నవన్నీ అందులో పడేసి వెళ్లండి. చివరికి మళ్లీ అక్కడికే వస్తారు.

ప్రశ్న: మా ఆవిడకు జలగ అంటే ప్రాణం పోతుంది. దానుమ్‌లో నిజంగా అన్ని ఉంటాయా? ఉప్పు సంచి పట్టుకెళ్తే చాలా?
— ఒక పాఠకుడు, పాల్వంచ

జవాబు: ఉంటాయి. వాన పడిన గంటకు ఇంకా ఉంటాయి. అవి మన చెరువు జలగల్లాంటివి కావు, నేల మీద తిరిగేవి, రక్తం తాగకముందు అగ్గిపుల్లంత సన్నం. రెండు రకాలు. గోధుమ రంగుది ఎండుటాకుల్లో ఉండి బూటు మీదికి ఎక్కుతుంది, కరిచినట్టు కూడా తెలియదు. పులి జలగ ఒంటి మీద చారలతో ఆకు చివర వేచి ఉంటుంది, నడుము ఎత్తున పట్టుకుంటుంది, చురుక్కుమంటుంది. అడుగుల అదురు, ఊపిరి, ఒంటి వేడి పసిగట్టి తల అటూ ఇటూ ఊపుతుంది. ఒక క్షణం ఆగి చూస్తే, వెనక కొసను ఆనించి ఒళ్లు ఉంగరంలా వంచి జానెలు కొలిచినట్టు మీ వైపే నడిచొస్తుంటుంది.

ముందు నడిచేవారు లేపుతారు, వెనక నడిచేవారికి పట్టుకుంటాయి అని గైడ్లు అంటారు. అందుకని ఆవిడను ముందు నడవనివ్వండి. జలగ సాక్సులు వేసుకోవాలి: మందపాటి, దగ్గరి నేత గుడ్డతో కుట్టిన మోకాళ్ల దాకా వచ్చే తొడుగులు. మామూలు సాక్సుల మీద, ప్యాంటు అంచుల్ని లోపలికి దోపి, మోకాలి కింద తాడు బిగించి, అప్పుడు బూటు వేయాలి. ప్యాంటు బయట వదిలేస్తే ప్రయోజనం లేదు. లేత రంగువి తీసుకోండి, ఎక్కుతుంటే కనిపిస్తుంది. చొక్కాను ప్యాంటులోకి దోపండి. కూర్చునే ముందు దుంగ చూసుకోండి. పదిహేను నిమిషాలకోసారి ఆగి ఒకరి మెడ, చెవుల వెనక ఒకరు చూసుకోండి. ఇద్దరు వెళ్లడంలో ఉన్న పెద్ద సౌలభ్యం ఇదే.

ఉప్పు వద్దు, అగ్గిపుల్లా వద్దు, పట్టి లాగడమూ వద్దు. బాధపెడితే అది కడుపులోది గాయంలోకి కక్కుతుంది, దాంతో చీము పడుతుంది. సన్నగా ఉన్న కొస నోరు. ఆ కొస పక్కన చర్మాన్ని లాగి పట్టి, గోరును చర్మానికి ఆనించి నోటి కిందికి జరపండి, పట్టు వదులుతుంది. వెంటనే లావు కొసను కూడా అలాగే తోసి విదిలించండి, ఆలస్యం చేస్తే మీ వేలికి అంటుకుంటుంది. రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం లోపలికి వదులుతుంది కాబట్టి గంటల తరబడి కారుతూనే ఉండొచ్చు. చూడ్డానికి భయంగా ఉన్నా పోయేది చెంచాడు కూడా కాదు. సబ్బుతో కడిగి, గుడ్డ పెట్టి పది నిమిషాలు నొక్కి పట్టి, ప్లాస్టరు వేయండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందు డాక్టరును అడగాలి. దురద వారం ఉంటుంది, గోకకండి. ఈ జలగలు జబ్బులు అంటించినట్టు సాధారణంగా కనిపించదు. దోమ అలా కాదు, కింది జవాబు చూడండి.

ప్రశ్న: మలేరియా మాత్రలు వేసుకోవాలా? అడవిలో ఏటి నీళ్లలో స్నానం చేయొచ్చా?
— ఒక పాఠకురాలు, నిర్మల్

జవాబు: సబాలో మలేరియా ఇప్పుడు దాదాపుగా ఒక ప్రత్యేక రకం, కోతుల నుంచి దోమల ద్వారా వచ్చే ప్లాస్మోడియం నోలెసి. ఈ క్రిమి ప్రతి 24 గంటలకూ కొత్త తరాన్ని పుట్టించే రకం, అందుకే రోజుల్లోనే ముదురుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే మలేరియీ అనే సాధు రకంలా కనిపిస్తుంది, మన ఊళ్లో ల్యాబులో దాన్నే రాసేసే ప్రమాదముంది. కాబట్టి తిరిగొచ్చాక నెలన్నరలోపు జ్వరం వస్తే, ‘బోర్నియో అడవిలో ఉండి వచ్చాం, కోతుల మలేరియా కావచ్చు’ అని మొదటి వాక్యంలోనే చెప్పండి.

మాత్రలు డాక్టరు నిర్ణయం. ఎక్కువగా రెండింట్లో ఒకటి ఇస్తారు. అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిసిన మాత్ర అడవికి ఒకట్రెండు రోజుల ముందు మొదలెట్టి, వదిలాక ఏడు రోజులు. డాక్సిసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజూ, వదిలాక నాలుగు వారాలు. డాక్సిసైక్లిన్‌ను నిండు గ్లాసు నీళ్లతో, తిన్నాక వేసుకోవాలి, వేసుకున్న అరగంట వరకు పడుకోకూడదు, అన్నవాహికను కాల్చేస్తుంది. దాంతో ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. గర్భవతులకు పనికిరాదు, బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నా ఆ మాట డాక్టరుకు చెప్పండి.

దోమ మందులో డీట్ అనే రసాయనం 20 నుంచి 30 శాతం ఉండాలి. సన్‌స్క్రీన్ ముందు, ఇది తర్వాత. డీట్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, కళ్లద్దాల ఫ్రేములు, గడియారం అద్దం, కెమెరా పట్టుకునే చేతులకు రాయకండి, చేతి వెనక్కే రాయండి.

ఏటి నీళ్లు: ఒళ్లంతా పుళ్లు, జలగ కాట్లు ఉన్నప్పుడు ఏట్లో దిగకండి. దానుమ్ పక్కనే పారే సెగామా నదిలో 2000లో జరిగిన ఎకో ఛాలెంజ్ సాహస పోటీలో ఈదిన వాళ్లలో చాలామందికి ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్ వచ్చింది. జంతువుల మూత్రం కలిసిన నీళ్లు గాయం ద్వారా లోపలికి పోవడమే కారణం. ఆ పోటీలో డాక్సిసైక్లిన్ వాడుతున్న వాళ్లలో జబ్బు తక్కువగా కనిపించింది. కినబతాంగాన్‌లో అయితే ఈత ఊసే వద్దు, మొసళ్లుంటాయి.

ప్రశ్న: సెపిలోక్‌లో సంచులు లోపలికి తీసుకెళ్లనివ్వరట. కెమెరా ఎలా? అడవిలో లెన్సు మంచు పట్టినట్టయిపోతుందని కూడా విన్నాం.
— దంపతులు, నంద్యాల

జవాబు: సంచులు లాకర్లో పెట్టాలి, ఒరాంగుటాన్లు లాక్కుపోతాయి. కెమెరా మెడలో వేసుకుని వెళ్లండి. పొద్దున 10కి, మధ్యాహ్నం 3కి తిండి పెడతారు. 10 గంటల దానికి వెళ్లి, పక్కనే ఉన్న ఎలుగుబంట్ల కేంద్రం కూడా చూసుకుని మధ్యాహ్నం సుకావ్ బండి ఎక్కండి.

లెన్సు మీద తేమ పట్టేది ఏసీ గదిలోంచి వెచ్చటి గాలిలోకి ఒక్కసారిగా తీసినప్పుడే. గదిలోనే కెమెరాను జిప్ కవరులో వేసి గాలి తీసేసి మూయండి, బయటికొచ్చాక అరగంట ఆగి తెరవండి. తేమ కవరు పైన పడుతుంది. గుడ్డతో తుడుస్తూ ఉంటే మళ్లీ మళ్లీ పడుతూనే ఉంటుంది. సుకావ్‌లో పొద్దున 6 గంటల పడవకు కెమెరాను 5.30కే వరండాలో పెట్టేయండి.